కుడి అంచు నుంచి

అబ్బాసియాలో మా తెలుగు బడి నేలమాళిగలో.
వారమంతా అది మలయాళీల నాట్యశాల,
శుక్రవారం పది నుంచి పన్నెండు దాకా మాది.
అద్దాల గోడ ముందు పదకొండు మంది పిల్లలు,
అద్దంలో ఇంకో పదకొండు మంది
ఎడమ చేత్తో రాస్తూ.

ఏసీ కారే చోట బకెట్టు జరిపి
"ఉక్తలేఖనం" అన్నాను. ఎవరూ కదల్లేదు.
"డిక్టేషన్" అన్నాను.
పదకొండు పెన్సిళ్ళు ఒక్కసారి చెక్కుడు పడ్డాయి.

మొదటి మాట అన్నం.
హవిష్ రాశాడు: అనం.
"ఒత్తేదిరా?"
"తినేశా టీచర్."
అదే వాడు, అడక్కుండానే, పేజీ అడుగున
ఖుబ్బూస్ అని రాసుకున్నాడు,
బ కింద బ, దాని దీర్ఘం, చివర పొల్లు,
వేలు పెట్టడానికి సందు లేకుండా.

రెండోది వర్షం.
సగం మంది కప్పు కేసి చూశారు.
ఎండ మాత్రం అందరికీ వచ్చు
సున్నతో సహా.

"శ, ష, స, మూడెందుకు? ఒకటి చాలదా?"
ఇందీవర అడిగింది.
నేను చిన్నప్పుడు అడిగి మొట్టికాయ తిన్న ప్రశ్న.
మాది ప్రొద్దుటూరు;
బోర్డు మీద ఉన్న క్రారవడి
మా నోళ్ళలో ఏనాడూ లేదు.
ఇక్కడ మొట్టికాయలు నిషేధం.
జవాబు ఇప్పటికీ రాలేదు.

బెదిరిన మొహాలు చూసి
ఒట్టి తలకట్ల మాటలు ఇచ్చాను,
గుడులూ కొమ్ములూ లేకుండా:
పలక. తల. కడప.

నఫీసా పుస్తకంలో
కలప.
లత.
పడక.

ఎర్రపెన్ను దించబోయి ఆగాను.
అక్షరాలన్నీ వచ్చాయి, ఒక్కటీ తప్పిపోలేదు,
కూర్చున్న చోట్లే మారాయి.
పొద్దున మసీదులో అలిఫ్, బే దిద్దివచ్చిన చెయ్యి
ఇంకా ఆ ఒడ్డు నుంచే ఈదుతోంది.

"చదువమ్మా."
కుడి అంచున వేలు పెట్టింది.
ప, ల, క.
త, ల.
క, డ, ప.
తడబాటు లేదు.
తప్పెక్కడో చూపించు అన్నట్టు నా కేసి చూసింది.

"కడప అంటే ఏంటి?"
"మా ఊరంట. నేను చూడలేదు."
"మరి పడక?"
అది బాగా తెలుసు ఆ పిల్లకి.
"ఒకటే ఉంది టీచర్, మా గదిలో.
రాత్రంతా అమ్మీ, నేను.
ఆరింటికి అమ్మీ క్లినిక్‌కి లేస్తుంది,
అప్పుడే అబ్బా బేకరీ నుంచి వస్తాడు.
అమ్మీ దుప్పటి చల్లారకముందే పడుకుంటాడు.
నేను బయట మెట్ల మీద హోంవర్కు చేస్తా.
రబ్బరు కూడా మెల్లగా రుద్దుతా."

అద్దంలో పిల్లలు నా వీపు చూస్తున్నారు.
పది మార్కుల కాగితం.
అడ్డగీత పెట్టలేదు, టిక్కూ పెట్టలేదు.
ఎడమ అంచున చిన్న బాణం గీసి
"ఈ గుమ్మంలోంచి రా" అన్నాను.
"మరి ఆ గుమ్మం?"
"అదీ నీదే. అది ఇంకో ఇల్లు."
తలూపింది.
బాణం కొసకి ఒక కన్ను, రెండు మీసాలు చేర్చి
దాన్ని చేపని చేసింది.

పైనుంచి అజాన్. చెప్పులు వెతుక్కునే సందడి.
మెట్ల మీద ఎవరిదో లంచ్ బాక్సు దొర్లింది.

వచ్చే వారం
ఒక మాట ఇవ్వాలి నఫీసాకి,
ఏ వైపు నుంచి అడుగుపెట్టినా
అదే గదిలోకి చేరే మాట.
బల్లలు సర్దుతూ వెతుకుతున్నాను.
కిటికీ అనుకున్నాను.
చివరి దీర్ఘం అడ్డొచ్చింది.
పైగా ఈ నేలమాళిగకి
అది లేదు కూడా.